ప్రాంతబంధం - నైతిక బాధ్యత: బానిసత్వంపై థామస్ జెఫర్సన్ దృక్పథం

ఉపోద్ఘాతం

ఒక రచయితను గాని, ఒక నాయకుణ్ణి గాని అంచనా వేసేటప్పుడు ‘ఆయన తన కాలానికీ తన ప్రాంతానికీ చెందిన మనిషి’ అనడం విమర్శలో పరిపాటి. తెలుగు సాహిత్యచరిత్ర రచనలోనూ ఈ వాక్యం తరచు కనిపిస్తుంది. ఇది రెండు వేర్వేరు పనులు చేస్తుంది. ఒక అభిప్రాయం ఎక్కడ పుట్టిందో, ఎందుకు నిలదొక్కుకుందో చెప్పడం మొదటిది. ఆ అభిప్రాయం వల్ల జరిగిన అన్యాయానికి ఆ మనిషి పూచీ తగ్గించడం రెండవది. మొదటిది వివరణ, రెండవది మన్నింపు. ఒకే వాక్యంలో ఇవి రెండూ కలిసిపోవడం వల్ల వివరణ పూర్తికాగానే మన్నింపు కూడా పూర్తయిందన్న భ్రమ కలుగుతుంది.

ఈ భ్రమను పరిశీలించడానికి అమెరికా మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ (1743-1826) జీవితం తగిన ఉదాహరణ. మానవులందరూ సమానులన్న సూత్రాన్ని 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనలో లిఖించినవాడు ఆయన. జీవితకాలంలో ఆరువందల మందికి పైగా మనుషులను బానిసలుగా కలిగి ఉన్నవాడూ ఆయనే. ఈ వైరుధ్యాన్ని కపటమని ఒక్క మాటతో తోసివేసినవారు ఉన్నారు. ఆయన పుట్టిన వర్జీనియా గడ్డ మీద మోపి సరిపెట్టినవారూ ఉన్నారు. ప్రాంతం ఆయన దృక్పథాన్ని ఏ మార్గాల్లో మలచిందో చూపడం, ఆ మలపు ఆయన బాధ్యతను ఎంతవరకు తగ్గిస్తుందో నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు పాఠకులకు వర్జీనియా పూర్తిగా అపరిచితం కాదు. అలెక్స్ హేలీ నవలకు సహవాసి చేసిన ‘ఏడు తరాలు’ అనువాదం ద్వారా కుంటా కింటే బానిసగా బతికిన నేలగా అది మనకు తెలుసు. అక్కడ మనం ఆ నేలను బానిస కళ్ళతో చూశాం. ఇక్కడ యజమాని కళ్ళతో చూసి, తిరిగి బానిస వైపుకు రావలసి ఉంటుంది.

‘దేశం’ అన్న మాట

జెఫర్సన్ రచనలు చదివేవారు మొదట గమనించవలసింది ఒక మాట వాడుక. ఆయన ‘నా దేశం’ అన్న చాలా సందర్భాలలో దాని అర్థం అమెరికా కాదు, వర్జీనియా. మన పూర్వ వాఙ్మయంలోనూ శాసనాల్లోనూ దేశం, సీమ, నాడు అన్న మాటలు ఒక రాజ్యాన్ని గాక మనిషి బతికే పరిధిని సూచించినట్టే, ఆయన నోట ఆ మాట తన నదులు, తన పొగాకు పొలాలు, తన బంధువర్గం ఉన్న పరిధిని సూచించేది.

ఆ పరిధి స్వరూపం ఎటువంటిది? 1790 జనగణన ప్రకారం వర్జీనియా జనాభా 7,47,610. వారిలో 2,92,627 మంది బానిసలు. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు ఇద్దరు. అమెరికా మొత్తంలో బానిసలుగా ఉన్నవారిలో నూటికి నలభై మందికి పైగా ఆ ఒక్క రాష్ట్రంలోనే ఉండేవారు. జెఫర్సన్ తండ్రి 1757లో మరణించి, కుమారునికి భూమినీ బానిసలనూ మిగిల్చాడు. 1773లో మామ జాన్ వేల్స్ మరణించినప్పుడు భార్య తరఫున 135 మంది బానిసలు, దాదాపు 11,000 ఎకరాల భూమి, వాటితోపాటు పెద్ద మొత్తంలో అప్పులు సంక్రమించాయి.

‘దేశం’ వలెనే ‘కుటుంబం’ అన్న మాటనూ ఆయన విశేషార్థంలో వాడాడు. మాంటిచెల్లోలోని తన బానిసలను కలుపుకొని ‘నా కుటుంబం’ అని రాసేవాడు. అదే సమయంలో ఆయన వ్యవసాయ ఖాతాలో వారి పేర్లు, పుట్టిన సంవత్సరాలు, ఇచ్చిన దుప్పట్లు, ధాన్యం లెక్కలు వరుసగా కనిపిస్తాయి. ఒక మాటలో ఆత్మీయత, ఒక పట్టికలో ఆస్తి. ఈ రెంటి మధ్య ఇరుకు అనిపించకుండా బతకడం ఒక వ్యక్తి కనిపెట్టిన విద్య కాదు. ఆ ప్రాంతం తరతరాలుగా తన యజమానులకు నేర్పిన విద్య.

జెఫర్సన్ గీసిన నైతికపటం

ప్రాంతం తనను మలిచిందన్న సంగతి జెఫర్సన్‌కు తెలియదా? ఈ ప్రశ్నకు సమాధానం మీదే బాధ్యత విషయం ఆధారపడి ఉంటుంది. ఆయన ఫ్రాన్స్‌లో రాయబారిగా ఉన్న 1785 నాటి రెండు లేఖలు ఈ సందర్భంలో ముఖ్యమైనవి.

బ్రిటన్‌కు చెందిన తత్వవేత్త రిచర్డ్ ప్రైస్ బానిసత్వాన్ని ఖండిస్తూ రాసిన కరపత్రం అమెరికాలో ఎటువంటి ఆదరణ పొందుతుందో ఆగస్టు నాటి లేఖలో జెఫర్సన్ వివరించాడు. చెసపీక్ అఖాతానికి దక్షిణాన ప్రైస్‌తో ఏకీభవించేవారు బహు తక్కువ. అఖాతం పొడవునా ఉన్న ప్రాంతంలో సూత్రంగా అంగీకరించేవారు అధికం, ఆచరణకు సిద్ధపడేవారు కొందరే. అఖాతానికి ఉత్తరాన వ్యతిరేకించేవారు అక్కడక్కడ మాత్రమే ఉంటారు. ఇది ఒక నైతికపటం. నదులను, కొండలను గుర్తించినట్టు ఆయన అంతరాత్మల హద్దులను గుర్తించాడు. తన వర్జీనియాను మధ్యస్థానంలో నిలిపాడు: న్యాయమేదో తెలిసి, స్వార్థంతో పెనుగులాడుతున్న నేల అది. ఆ పెనుగులాటలో గెలుపు యువకుల వల్ల వస్తుందని, ముఖ్యంగా విలియం అండ్ మేరీ కళాశాలలో తన గురువు జార్జ్ విత్ వద్ద చదువుతున్నవారిపై తన ఆశ ఉందని చెప్పాడు.

సెప్టెంబరులో షాటెల్యూ ప్రభువుకు రాసిన లేఖలో ఉత్తర, దక్షిణ ప్రాంతాల వారి స్వభావాలను ఎదురెదురుగా పట్టిక వేశాడు. దక్షిణాదివారు తమ స్వేచ్ఛ విషయంలో పట్టుదల గలవారని, ఇతరుల స్వేచ్ఛను మాత్రం కాలరాస్తారని అందులో ఒప్పుకొన్నాడు. ఈ భేదాలకు వాతావరణం ప్రధాన కారణమని భావించాడు.

ఈ కాలంలోనే ముద్రణ పొందిన ‘వర్జీనియా రాష్ట్ర వివరణలు’ అన్న గ్రంథంలో ఆచారవ్యవహారాలను గూర్చిన పద్దెనిమిదవ ప్రకరణం ఇంకా లోతైనది. యజమాని బానిసపై కోపం ప్రదర్శిస్తాడు. పక్కనే ఉన్న బిడ్డ చూస్తాడు. తనకంటె చిన్నవారైన బానిస పిల్లలపై అదే ముఖకవళికను అభ్యాసం చేస్తాడు. మనిషి అనుకరణశీలి కనుక దౌర్జన్యం ఈ విధంగా ఒక తరం నుంచి మరొక తరానికి దిగుతుందన్నది ఆ ప్రకరణ సారం. ఆ స్థితిలో చెడిపోకుండా నిలిచినవాడు అద్భుతవ్యక్తి కావాలని కూడా ఆయన అన్నాడు. ప్రాంతం మనిషిని ఎలా మలుస్తుందన్న ప్రశ్నపై ఆధునిక సామాజికశాస్త్రం చెప్పగలిగిన ముఖ్యాంశాన్ని ఆయన ఆనాడే గ్రహించాడు. ఆ బిడ్డ స్థానంలో ఒకప్పుడు తానే ఉన్నాడు. గుర్రంపై కూర్చున్న ఒక బానిస చేతుల్లో, దిండుపై పడుకుని ప్రయాణం చేయడం జెఫర్సన్ మొట్టమొదటి జ్ఞాపకమని ఆయన కుటుంబంలో చెప్పుకొనేవారు.

ప్రాంతం పనిచేసిన మూడు తీరులు

ఆయన దృక్పథంపై ప్రాంతం ప్రభావాన్ని మూడు తీరులుగా విడదీయవచ్చు. వాటిని అలవాటు, అప్పు, నలుగురి మాట అని పిలుచుకోవచ్చు.

అలవాటు విషయం పైన చూశాం. అలవాటు ఆలోచనలోకి కూడా చొరబడింది. ‘వర్జీనియా రాష్ట్ర వివరణలు’ పద్నాలుగవ ప్రకరణంలో నల్లజాతివారు బుద్ధిశక్తిలో తక్కువవారేమో అన్న అనుమానాన్ని ఆయన శాస్త్రభాషలో ప్రతిపాదించాడు. విముక్తి ఇచ్చినా వారిని దూరదేశానికి పంపివేయాలన్నాడు. 1791లో మేరీలాండ్‌కు చెందిన నల్లజాతి ఖగోళ గణితజ్ఞుడు బెంజమిన్ బానెకర్ తాను సిద్ధం చేసిన పంచాంగం రాతప్రతిని ఆయనకు పంపి, స్వాతంత్ర్య ప్రకటనలోని సూత్రాన్నే గుర్తుచేస్తూ లేఖ రాశాడు. జెఫర్సన్ మర్యాదగా బదులిచ్చాడు. 1809లో ఒక మిత్రునికి రాసేటప్పుడు మాత్రం బానెకర్ ప్రతిభను శంకించాడు. కళ్ళెదుట నిలిచిన నిదర్శనం కంటే అలవాటు బలమైనదని ఇందువల్ల తెలుస్తుంది.

రెండవది అప్పు. పొగాకు సాగు నేల సారాన్ని పీల్చింది. బ్రిటిష్ వర్తకుల బాకీలు పెరిగాయి. వాటికి జెఫర్సన్ నిర్మాణాభిరుచి, ఆతిథ్యం, పుస్తకాల మోజు తోడయ్యాయి. అప్పు ఉన్నవాడికి బానిస తాకట్టు విలువగల ఆస్తి. 1820లో తన అల్లునికి రాసిన లేఖలో, రెండేళ్ళకొక బిడ్డను కనే స్త్రీ పొలంలోని అత్యుత్తమ పురుషుని కంటె లాభదాయకమని లెక్క చెప్పాడు. దౌర్జన్యం వారసత్వంగా దిగుతుందని బాధపడిన కలమే ఈ లెక్క రాసింది. ఒక మనిషిలో వివేచన ఎంతకాలం వడ్డీకి ఎదురు నిలుస్తుందో చెప్పడానికి ఇంతకంటే విషాదకరమైన సాక్ష్యం అరుదు.

మూడవది నలుగురి మాట. జెఫర్సన్ వర్జీనియా శాసనసభకు వచ్చిన తొలిరోజుల్లో, 1769 ప్రాంతంలో, బానిసలకు కొంత చట్టరక్షణ కల్పించే ప్రతిపాదనను పెద్దవాడైన రిచర్డ్ బ్లాండ్ చేత ప్రవేశపెట్టించి తాను బలపరిచాడు. సభ బ్లాండ్‌ను తన దేశానికి శత్రువని నిందించి అవమానించింది. యువకుడు కనుక జెఫర్సన్ తప్పించుకున్నాడు. ఈ సంఘటనను ఆయన నలభై అయిదేళ్ళ తరువాత కూడా మరువలేదు. అక్కడ ‘దేశం’ అన్న మాట మళ్ళీ వచ్చిందని గమనించాలి. బానిసపై దయ చూపితే దేశద్రోహం అయ్యే పరిధి అది. 1784లో జాతీయ కాంగ్రెసులో, 1800 తరువాత పశ్చిమ భూభాగాల్లో ఎక్కడా బానిసత్వం ఉండరాదన్న నిబంధనను ఆయన ప్రతిపాదించాడు. న్యూజెర్సీ ప్రతినిధి ఒకరు అస్వస్థతతో రాలేకపోగా, ఒక్క రాష్ట్రం ఓటు తక్కువై ఆ నిబంధన వీగిపోయింది. ఆనాడు వర్జీనియా ఓటు కూడా దానికి వ్యతిరేకంగానే పడింది. తోటి వర్జీనియా ప్రతినిధులు ఇద్దరూ జెఫర్సన్‌ను కాదన్నారు. తన నేల తన వెంట లేదని ఆయనకు అనుభవపూర్వకంగా తెలిసింది.

1784 నుంచి 1820కి

ఈ మూడింటి ఫలితం 1820లో స్పష్టమైంది. మిస్సోరీని రాష్ట్రంగా చేర్చుకొనే సందర్భంలో అక్కడ బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెసుకు ఉందా అన్న వివాదం చెలరేగింది. 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశరేఖను హద్దుగా చేసి రాజీ కుదిర్చారు. 1784లో కొత్త భూభాగాలన్నిటిలో నిషేధం కోరిన మనిషి ఇప్పుడు ఆ అధికారాన్నే ప్రశ్నించాడు. బానిసలు విశాల ప్రదేశంలో వ్యాపిస్తే వారి స్థితి మెరుగవుతుందని, విముక్తి సులభమవుతుందని వాదించాడు. జాన్ హోమ్స్‌కు ఏప్రిల్‌లో రాసిన లేఖలో తమ స్థితిని తోడేలు చెవి పట్టుకున్నవాని స్థితితో పోల్చాడు. పులి తోక పట్టుకున్నవాడు అన్న మన నానుడి వంటిదే అది. పట్టుకొని ఉండలేడు, వదలనూ లేడు. ఒకవైపు న్యాయం, మరొకవైపు ఆత్మరక్షణ ఉన్నాయని ఆయన భావం.

ఈ లేఖలో ఆయనను అన్నిటికంటే భయపెట్టింది ఒక భౌగోళికరేఖ ఒక నైతికసూత్రంతో ఏకీభవించడం. అటువంటి రేఖ ఒకసారి గీస్తే చెరగదని, దేశాన్ని చీలుస్తుందని ఆందోళన చెందాడు. అంతర్యుద్ధం ఆయన భయాన్ని నిజం చేసింది. కాని అటువంటి రేఖను 1785లో ప్రైస్‌కు రాసిన లేఖలో మొదట గీసినవాడు తానే. అప్పుడు దానిని ఒక లోపానికి కొలతగా చూశాడు. లోపం సరిచేసే యువకుల కోసం ఎదురుచూశాడు. ఇప్పుడు అదే రేఖను ఇతరులు గీస్తే తన ప్రాంతంపై దాడిగా భావించాడు. రేఖ మారలేదు. దానికి ఏ వైపు నిలబడి మాట్లాడుతున్నాడన్నది మారింది.

యువకుల విషయంలోనూ ఇదే మార్పు కనిపిస్తుంది. ఆయన స్థాపించిన వర్జీనియా విశ్వవిద్యాలయానికి 1819లో అనుమతి లభించింది. 1821లో దాని అవసరాన్ని వివరిస్తూ రాసిన ఒక లేఖలో, తమ బిడ్డలు ఉత్తరాది విద్యాలయాలకు వెళ్ళి తమ దేశపు భావాలకు విరుద్ధమైన భావాలు వంటబట్టించుకుంటున్నారని ఆందోళన వ్యక్తం చేశాడు. విద్య యువకులను ప్రాంతపు దోషం నుంచి విడిపిస్తుందని 1785లో ఆశించినవాడు, విద్య యువకులను ప్రాంతానికి కట్టి ఉంచాలని 1821లో కోరుకున్నాడు.

అదే నేల, వేరొక దారి

ఈ పరిణామాన్ని ప్రాంతం అనివార్యంగా కలిగించిందా? ఆనాటి మనిషిని ఈనాటి కొలబద్దతో కొలవరాదన్న అభ్యంతరం న్యాయమైనదే. కనుక ఆనాటి వర్జీనియా నుంచే కొలబద్దను తీసుకోవాలి. 1782లో అక్కడి శాసనసభ యజమాని తన బానిసలకు స్వయంగా విముక్తి ఇవ్వడానికి అనుమతించింది. జెఫర్సన్ గురువు జార్జ్ విత్ తన బానిసలకు విముక్తినిచ్చాడు. నోమినీ హాల్ యజమాని రాబర్ట్ కార్టర్ 1791లో ఒక దస్తావేజు ద్వారా 450 మందికి పైగా విముక్తి మార్గం ఏర్పరిచాడు. జార్జ్ వాషింగ్టన్ 1799 నాటి వీలునామాలో తన సొంత బానిసలందరికీ విముక్తి రాశాడు. వీరందరూ అదే పొగాకు నేలలో పుట్టినవారు.

అయితే జెఫర్సన్‌కు అద్దం పట్టినవాడు ఎడ్వర్డ్ కోల్స్. ఆయన 1786లో జెఫర్సన్ నివసించిన ఆల్బమార్ల్ కౌంటీలోనే పుట్టాడు. విలియం అండ్ మేరీ కళాశాలలో చదివాడు. తండ్రి మరణానంతరం భూమీ బానిసలూ సంక్రమించాయి. అధ్యక్షుడు మాడిసన్‌కు కార్యదర్శిగా పనిచేశాడు. 1785లో జెఫర్సన్ ఎవరి కోసం ఎదురుచూశాడో సరిగ్గా అటువంటి యువకుడు ఇరవై తొమ్మిదేళ్ళ తరువాత, 1814 జూలై 31న, ఆయనకు ఉత్తరం రాశాడు. వర్జీనియాలో క్రమవిముక్తి ఉద్యమానికి నాయకత్వం వహించమని కోరాడు. తాను మాత్రం బానిసల యజమానిగా ఉండలేక రాష్ట్రాన్ని విడిచిపోవాలని నిశ్చయించుకున్నట్టు తెలిపాడు.

ఆగస్టు 25న జెఫర్సన్ ఇచ్చిన సమాధానంలో యువకుని ఆశయంపై ప్రశంస ఉంది. యువతరం నుంచి తాను ఆశించిన స్పందన రాలేదన్న నిరాశ ఉంది. ఈ పని యువకులది, తాను వృద్ధుడన్న విముఖత ఉంది. చివరకు ఒక హితవు ఉంది: తన ఆస్తినీ తన దేశాన్నీ విడిచిపోవద్దు, దాని దురదృష్టస్థితితో సమాధానపడి అక్కడే ఉండి మెల్లగా మార్పుకు కృషి చేయమని. కోల్స్ సెప్టెంబరులో వినయంగా ప్రత్యుత్తరం రాస్తూ బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను గుర్తుచేశాడు. ఫ్రాంక్లిన్ ఎనభై దాటిన వయసులో పెన్సిల్వేనియా బానిసత్వ వ్యతిరేక సంఘానికి అధ్యక్షుడిగా ఉండి, 1790లో కాంగ్రెసుకు వినతిపత్రం పంపాడు. వృద్ధాప్యం సాకు కాజాలదని యువకుడు చెప్పిన తీరు అది.

1819 వసంతంలో కోల్స్ తన బానిసలతో పశ్చిమానికి ప్రయాణమయ్యాడు. ఒహైయో నదిపై సాగుతున్న పడవలో వారందరూ ఆ క్షణం నుంచి స్వతంత్రులని ప్రకటించాడు. ఇల్లినాయ్ చేరాక కుటుంబ పెద్దలకు ఒక్కొక్కరికి 160 ఎకరాల భూమి ఇచ్చాడు. 1822లో ఆ రాష్ట్ర గవర్నరుగా ఎన్నికయ్యాడు. అక్కడ బానిసత్వానికి అనుకూలంగా రాజ్యాంగం మార్చడానికి జరిగిన ప్రయత్నాన్ని ఎదిరించగా, 1824 ఆగస్టులో ప్రజలు 6,640 ఓట్లతో, 4,972 ఓట్లకు వ్యతిరేకంగా, దానిని తిరస్కరించారు.

కోల్స్ కథ ప్రాంతబలాన్ని కాదనదు. విముక్తి ఇవ్వడానికి ఆయన వర్జీనియాను వదులుకోవలసి వచ్చింది. రాబర్ట్ కార్టర్ కూడా దస్తావేజు తరువాత వర్జీనియా విడిచి బాల్టిమోర్ చేరాడు. నైతికనిర్ణయానికి ప్రాంతం అడిగిన మూల్యం ప్రాంతమే. ఆ పిలుపు తరువాతి తరానికి కూడా వినిపించింది: కోల్స్ కుమారుడు రాబర్ట్స్ వర్జీనియాకు తిరిగివెళ్ళి, అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడి 1862లో మరణించాడు. కనుక జెఫర్సన్‌ను లాగిన బంధం అల్పమైనది కాదు. కాని దాని బలాన్ని తెలుసుకొని మూల్యం చెల్లించినవాడు పొరుగునే ఉన్నప్పుడు, చెల్లించనివాడు తనకు మార్గం లేదని చెప్పజాలడు.

మూల్యం భరించలేని ఆర్థికస్థితి జెఫర్సన్‌ది అనవచ్చు. దానికి పాక్షిక సమాధానం పోలిష్ వీరుడు కొష్చూష్కో 1798 నాటి వీలునామా. అమెరికాలోని తన ధనంతో బానిసలకు, జెఫర్సన్ సొంత బానిసలతో సహా, విముక్తి కల్పించే బాధ్యతను ఆయన జెఫర్సన్‌కు అప్పగించాడు. 1817లో కొష్చూష్కో మరణించాడు. ఆయన తరువాత రాసిన ఇతర వీలునామాల వల్ల చిక్కులు ఉన్న మాట నిజమే. అయినా 1819లో జెఫర్సన్ వయసు కారణంగా చూపి ఆ బాధ్యత నుంచి తప్పుకున్నాడు.

బానిసకూ ఒక దేశం

ఇంతవరకు ‘ప్రాంతబంధం’ అన్నప్పుడు యజమానుల బంధాన్నే పరిశీలించాం. చర్చలో దాగి ఉన్న లోపం ఇదే. వర్జీనియా అక్కడ పుట్టిన లక్షల మంది బానిసలకు కూడా స్వస్థలం. వారి తల్లిదండ్రుల సమాధులు, వారి భార్యాబిడ్డలు, వారు దున్నిన పొలాలు అక్కడే ఉన్నాయి. 1806లో వర్జీనియా శాసనసభ ఒక చట్టం చేసింది. విముక్తి పొందినవారు పన్నెండు నెలల్లో రాష్ట్రం విడిచిపోవాలి; లేకుంటే వారిని తిరిగి బానిసలను చేయవచ్చు. యజమానికి స్వేచ్ఛ, స్వస్థలం రెండూ జన్మహక్కులు. బానిసకు ఆ రెంటిలో ఒకటే అనుమతి. విముక్తితోపాటు బహిష్కారం ఉండాలన్న జెఫర్సన్ ప్రతిపాదన మౌలికంగా ఈ చట్టం వంటిదే. నల్లవారికి వర్జీనియాతో అనుబంధం ఉంటుందన్న ఊహ ఆ ప్రతిపాదనలో ఎక్కడా లేదు.

ఆ ఊహ ఆయనకు కలగలేదా? 1826 మార్చిలో, మరణానికి నాలుగు నెలల ముందు, తన వీలునామాకు చేర్చిన అనుబంధంలో ఆయన అయిదుగురికి విముక్తి రాశాడు. బర్వెల్ కోల్బర్ట్, జాన్ హెమింగ్స్, జో ఫాసెట్, మాడిసన్ హెమింగ్స్, ఎస్టన్ హెమింగ్స్. అయిదుగురూ హెమింగ్స్ వంశస్థులు. చివరి ఇద్దరూ శాలీ హెమింగ్స్ కుమారులు. వారి తండ్రి జెఫర్సనే అన్న నిర్ణయాన్ని చరిత్రకారులలో అధికులు నేడు అంగీకరిస్తారు. ఈ అయిదుగురినీ రాష్ట్రంలోనే ఉండనివ్వమని శాసనసభను ఆయన అర్థించాడు. కారణంగా, వారి కుటుంబాలు, బంధుమిత్రులు ఇక్కడే ఉన్నారని చెప్పాడు.

జెఫర్సన్ బానిసత్వ దృక్పథాన్ని గూర్చిన చర్చలో ఈ అభ్యర్థనకు దక్కవలసిన ప్రాధాన్యం దక్కలేదని ఈ వ్యాసం అభిప్రాయం. ప్రాంతబంధం అన్న వాదాన్ని ఆయన జీవితంలో ఈ ఒక్క చోట బానిసల పక్షాన వినిపించాడు. ఆ మాటలు రాసిన చేతికి, బానిస కూడా ఒక నేలకు చెందినవాడన్న సంగతి తెలుసు. అయిదుగురి విషయంలో తెలిసినది మిగిలినవారి విషయంలో తెలియకుండా ఉండే అవకాశం లేదు.

1826 జూలై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన రోజున ఆయన మరణించాడు. శవపేటికను తయారుచేసినది ఆ అయిదుగురిలో ఒకడైన జాన్ హెమింగ్స్. అప్పు లక్ష డాలర్లకు పైగా ఉంది. 1827 జనవరిలో మాంటిచెల్లోలో 130 మందిని వేలానికి పెట్టారు. జో ఫాసెట్ విముక్తికి అర్హుడే గాని ఆయన భార్య ఈడిత్‌నూ పిల్లలనూ ఆ వేలంలో అమ్మారు. కుటుంబాలు, బంధుమిత్రులు ఇక్కడే ఉన్నారన్న అభ్యర్థనలో జో పేరు ఉంది. వేలం పాట ముగిశాక ఆ కుటుంబం వేర్వేరు యజమానుల పాలయింది.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. జెఫర్సన్ దృక్పథాన్ని వర్జీనియా అలవాటుగా, అప్పుగా, నలుగురి మాటగా మలిచింది. ఈ ప్రభావాన్ని విస్మరించి ఆయనను కేవలం కపటిగా చిత్రించడం చరిత్ర అనిపించుకోదు. 1784 నుంచి 1820 వరకు ఆయనలో వచ్చిన మార్పును కపటం అన్న మాట వివరించలేదు, ప్రాంతం వివరించగలదు.

అయితే వివరణ మన్నింపు కావాలంటే ఒక షరతు ఉంది. ప్రాంతం తన కళ్ళకు గంతలు కట్టిందని ఎరుగనివాని విషయంలోనే అది కొంతవరకు చెల్లుతుంది. జెఫర్సన్ గంతలను గుర్తించాడు, వాటి నేతను వర్ణించాడు, ఏ ప్రాంతంలో అవి ఎంత మందమో పటం గీశాడు. ఇంత ఎరుక కలవాని విషయంలో ప్రాంతబంధం బాధ్యతను తగ్గించదు. తనను మలిచిన శక్తి ఏదో తెలిసిన క్షణం నుంచి, ఆ శక్తికి లోబడడం కూడా ఒక నిర్ణయమే అవుతుంది.

ఈ ఫలితం సాహిత్యచరిత్ర రచనకు కూడా వర్తిస్తుంది. ‘తన ప్రాంతానికి చెందిన మనిషి’ అని ఒకరిని గురించి రాసేటప్పుడు విమర్శకులు రెండు ప్రశ్నలు వేసుకోవలసి ఉంటుంది. ఆ మనిషికి ఆ సంగతి ఎంతవరకు తెలుసు? ఆ ప్రాంతంలో ఆయనతోపాటు పుట్టి, ఆయన మాట కింద నలిగినవారిని మనం ఆ ప్రాంతవాసులుగా లెక్కించామా? రెండవ ప్రశ్న వేయని పక్షంలో, ప్రాంతం అన్నప్పుడు మనం యజమానుల ప్రాంతాన్నే ఉద్దేశిస్తున్నామని అర్థం. జో ఫాసెట్ వర్జీనియా మనిషి. ఈడిత్ కూడా వర్జీనియా మనిషే.